వార్తల్లో పదం: గేమ్స్‌మన్‌షిప్

నిబంధన దాటకుండానే ప్రత్యర్థిని ఏమార్చి లాభపడే ఆటతీరు ఇది. 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ నాకౌట్ మ్యాచ్. అదనపు సమయంలో కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు గోల్‌కు అడ్డంగా గోడలా నిలబడకముందే, బెంగళూరు జట్టు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను గోల్‌లోకి పంపాడు. రిఫరీ ఒప్పుకున్నాడు. బ్లాస్టర్స్ మైదానం వదిలి వెళ్లిపోయింది, తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) ఆ జట్టుకు 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విజిల్ వేసేదాకా ఆగమని రిఫరీ చెప్పనప్పుడు వెంటనే తన్నడం తప్పు కాదు. నా దృష్టిలో ఛెత్రిది మోసం కానేకాదు.

తగలని దెబ్బకు పడిపోవడం మాత్రం మోసమే, దానికి పసుపు కార్డు ఉంది. 1986 ప్రపంచకప్‌లో మారడోనా చేత్తో కొట్టిన గోల్ మరీ పచ్చి మోసం. రిఫరీ చూడనంత మాత్రాన అది చాతుర్యం అయిపోదు. నర్సీపట్నం లాంటి ఊళ్లలో బంతి తన్నే పిల్లలకు కోచ్‌లు ఈ తేడా మొదట్లోనే నేర్పాలి.