ఓటరు జాబితాలో మన పేరు

1951-52 సంవత్సరములలో మన దేశమున తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగిన కాలమున, జాబితా వ్రాయుటకై ఇంటింటికిని పోయిన ఉద్యోగులతో పెక్కుమంది స్త్రీలు తమ పేరు చెప్పుటకు సమ్మతింపలేదు. ఫలానావారి భార్యననియో, ఫలానావారి కుమార్తెననియో మాత్రమే చెప్పిరి. సొంత పేరు లేనివారిని జాబితాలో నుంచరాదని నాటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్‌గారు నిశ్చయించిరి. అందుచే, ముఖ్యముగా ఉత్తరదేశమున, రమారమి 28 లక్షల స్త్రీలు జాబితాకు దూరమైరి. రాజ్యాంగము హక్కు నిచ్చినను, పేరు లేనందున అది చేతికి రాలేదు.

నేడు పేరు చెప్పుటకు సంకోచించువారు లేరు. అయినను మఱియొక దారిని మన ఓటు జారిపోవుచున్నది. ఆడుబిడ్డ పేరు పుట్టినింట జాబితాకెక్కును. పెండ్లియై ఆమె అత్తవారింటికి పోవును. పేరు మాత్రము పుట్టినింటనే నిలిచిపోవును.

కామారెడ్డి జిల్లానే చూడుడు. దోమకొండ కామారెడ్డి శాసనసభా నియోజకవర్గములోనిది. లింగంపేట ఎల్లారెడ్డి నియోజకవర్గములోనిది. దోమకొండ పిల్ల లింగంపేటకు కోడలైనచో జిల్లా మారదు గాని నియోజకవర్గము మారును. పేరు మార్పించుకొననిచో ఓటునాడు ఆమె పుట్టినూరికి ప్రయాణము కట్టవలెను, లేదా ఇంటనే కూర్చుండవలెను.

పూర్వము ఈ మార్పు కొఱకు కచేరికి పోవలసి యుండెను. బీడీలు చుట్టి దినము గడుపుకొను తల్లికి ఒక దినము పోయినచో ఆనాటి కూలి పోయినట్లే. పసిబిడ్డ తల్లికి బస్సు ప్రయాణమే భారము. తోడు వచ్చువారు లేక ఎందఱో "వచ్చే యేడు చూతము" అని ఊరకుండిరి.

2015 జనవరి 25వ తేదీన, జాతీయ ఓటర్ల దినమున, ఎన్నికల సంఘమువారు ఈ పనులకై ఒక వెబ్‌సైటును ప్రారంభించిరి. నాటినుండి ఇంటనుండియే ఆన్‌లైనులో దరఖాస్తు చేయుటకు వీలు కలిగినది. రుసుము లేదు. క్రొత్తగా చేరువారికి 6వ ఫారము; చిరునామా మార్పునకు, తప్పుల దిద్దుబాటునకు 8వ ఫారము. ఛాయాచిత్రము, వయస్సునకును నివాసమునకును ఆధారపత్రములు సిద్ధముగా నుంచుకొనవలెను. మన పేరును మనమే వ్రాసికొందుము గాన రాజమ్మ రాజన్న యగు ప్రమాదము తగ్గును. దరఖాస్తుకు ఒక సంఖ్య నిత్తురు. దానితో పని ఎంతవఱకు వచ్చినదో తెలిసికొనవచ్చును.

18 ఏండ్లు నిండిన పిల్లలు ఇకపై సంవత్సరమంతయు వేచియుండ నక్కరలేదు. 2022 ఆగస్టు నుండి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగును అర్హతకు లెక్కకు వచ్చుచున్నవి. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టవచ్చును.

ఒక హెచ్చరిక. దరఖాస్తు పంపినంతనే పని ముగిసినదని తలంపరాదు. బూత్ స్థాయి అధికారి విచారణకు వచ్చినప్పుడు వివరములు చెప్పవలెను. పిదప జాబితాలో పేరు చూచుకొనవలెను. ఓటు చేర్పింతుమని ఫోను చేయు అపరిచితులకు ఓటీపీ చెప్పరాదు. సందేహమున్నచో 1950 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఫోను చేతకాని అత్తగారికి కోడలు, అమ్మకు కూతురు సాయపడుట మంచిది. కాగితపు ఫారమును ఇచ్చు పద్ధతియు ఉన్నది.

ఈ ప్రాంతము స్త్రీలకు రాజకీయములు క్రొత్త కాదు. శాసనసభకు తొలి మహిళా ఉపసభాపతియైన టి.ఎన్. సదాలక్ష్మిగారు ఇక్కడి ప్రతినిధియే. 1967లో ఎల్లారెడ్డిలో ఆమెపై పోటీచేసి గెలిచిన జె. ఈశ్వరీబాయిగారును స్త్రీయే, 1972లో మరల ఆమెయే గెలిచిరి. అట్టి గడ్డపై పుట్టిన, మెట్టిన సోదరీమణులు పెండ్లి పీటలపై ఇంటిపేరు మారిన దినముననే ఓటరు జాబితాలోని చిరునామాను గూడ జ్ఞప్తి చేసికొందురు గాక యని మేము కోరుచున్నాము. పసుపు కుంకుమలతో పంపు తల్లిదండ్రులు ఈ మాటయు చెప్పి పంపిన మఱింత మేలు.