ఒక ఇంటి బిడ్డలు, వేరు వేరు స్వభావములు

పత్తి గుణము వేరు, మిరప గుణము వేరని పర్చూరు ప్రాంతపు రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. ఒకే నల్లరేగడిలో పెరిగినను వాని చీడ వేరు, కోత వేరు. మిరపవలె కాయలేదని పత్తిచేనును తిట్టిన రైతును మేము చూడలేదు. బిడ్డల విషయములో మాత్రము ఈ వివేకము తరచు తప్పుచున్నది. "నీ చెల్లెలిని చూచి నేర్చుకో" అను మాట వినబడని వీధి లేదు.

ఇట్టి పోలిక ఎంత పొరపాటు కావచ్చునో తెలుపుటకు మన రాష్ట్రముననే నిదర్శనము కలదు. జిడ్డు కృష్ణమూర్తి గారు 1895లో మదనపల్లెలో జన్మించిరి. తమ్ముడు నిత్యానంద మూడేండ్లు చిన్న. అన్న మలేరియాచే తరచు బడికి దూరమై, తరగతిలో పరధ్యానముగా నుండెడివాడు. ఉపాధ్యాయులు మందమతి యనిరి, కొట్టిరి. తమ్ముడు చురుకైనవాడు. అయినను ఆ "మందమతి" యొకనాడు తండ్రి గడియారమును విడదీసి, మరల అమర్చువరకు బడికి పోనని పట్టుపట్టినట్లు జీవితచరిత్రలు చెప్పుచున్నవి. తరువాత లండను మెట్రిక్యులేషన్ పరీక్షలో తమ్ముడు నెగ్గెను, అన్న పలుమార్లు తప్పెను. కాని 1925లో నిత్యానంద క్షయవ్యాధిచే మరణించువరకు వారి అనురాగము చెడలేదు. మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ పాఠశాల కృష్ణమూర్తి గారి సంకల్పమున వెలసినదే. ఆ సంస్థ చుట్టుపట్ల గ్రామబడులకై, పిల్లలు కార్డుల సహాయమున ఎవరి వేగమున వారు మెట్టుమెట్టుగా నేర్చుకొను పద్ధతిని రూపొందించినది.

ప్రతి పరధ్యానపు బిడ్డయు జగత్ప్రసిద్ధుడగునని మేము చెప్పుట లేదు. కొందరు బిడ్డలు కొత్తవారితో వెంటనే కలిసిపోదురు, కొందరు మెల్లగా అలవాటుపడుదురు, కొందరు చిన్న మార్పునకే మారాము చేయుదురు. 1956లో న్యూయార్కులో పరిశీలన ఆరంభించిన థామస్, చెస్ అను వైద్యదంపతులు, బిడ్డ స్వభావమునకును పెద్దల తీరునకును పొందిక కుదురుటయే ముఖ్యమని తెలిపిరి.

అట్లని ఒకనికి కంటితోనే, మరియొకనికి చెవితోనే చదువు వచ్చునని ముద్రవేయుటయు సరికాదు. 2008లో నలుగురు అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు, అట్టి విభజన ప్రకారము బోధించుటవలన మేలు కలుగుననుటకు చాలినంత ఆధారము లేదని తేల్చిరి. ఇద్దరికిని చెప్పవలెను, చూపవలెను, చేతితో చేయింపవలెను. ఒకరికి వ్యవధి ఎక్కువ పట్టవచ్చును. కల్లములో పెద్దలు తాలుకాయ ఏరుచుండగా, ప్రక్కన ఆడుకొను బిడ్డలలో ఒకడు గడగడ అంకెలు చెప్పును. మరియొకతె మౌనముగా రంగులవారీగా కుప్పలు పెట్టును. రెండవదియు లెక్కయే.

మొద్దు అనుటకు ముందు చెవి, కన్ను పరీక్షింపవలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో వైద్యబృందములు బిడ్డలను పరీక్షించును. ఆ దినమున బిడ్డలు పొలము వెంట పోకుండ వార్డు సభ్యుడు ముందురోజే దండోరా వేయింపవలెను. 2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడ నిషేధించినది. పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక సంస్థ ప్రతినిధికి స్థానము కలదు. అన్నదమ్ముల మార్కులను పదిమందిలో పోల్చు అలవాటును అచటనే మాన్పింపవచ్చును.

మరియొక సంగతి. మిరప కోతల కాలమున పెద్దపిల్లను చిన్నవానికి కాపుంచి తల్లిదండ్రులు చేనికి పోవుదురు. ఆమె వెనుకబడుటకు కారణము బుద్ధి కాదు, పోయిన హాజరు. మూడేండ్లు నిండిన చిన్నవానిని అంగన్‌వాడీకి పంపినచో అక్క బడికి పోగలదు. సంక్రాంతికి ముందు జరుగు పంచాయతీ సమావేశమున అట్టి యిండ్ల జాబితా సిద్ధము చేయుట మంచిది.