పైప్‌ఫిష్: గుడ్లు మోసేది తండ్రే

దిల్‌సుఖ్‌నగర్ వైపు అక్వేరియం దుకాణాల నుంచి గప్పీలు తెచ్చుకునే పెద్ద అంబర్‌పేట్ పిల్లలకు ఆడ, మగ తేడా ఇట్టే తెలుస్తుంది. తోక పెద్దదై రంగులీనుతుంటే మగది, పొట్ట ఉబ్బి ఉంటే ఆడది. అదే కన్నుతో పైప్‌ఫిష్‌ను చూస్తే తప్పుతారు. ఇక్కడ పొట్ట నిండుగా ఉన్నది మగచేప. సింగారించుకుని జతగాడి వెంట పడేది, చాలా జాతుల్లో, ఆడచేప.

సముద్రపు గుర్రానికి ఇది దగ్గరి చుట్టం. రెండిటిదీ సింగ్నాథిడే కుటుంబమే. సన్నని పొడవాటి ఒళ్లు, గొట్టం మూతి, పొలుసులకు బదులు ఎముక పలకల వలయాలు. ఆడది తన గుడ్లను మగదాని ఒంటికి అప్పగించి వెళ్లిపోతుంది. కొన్ని జాతుల్లో ఆ గుడ్లు తండ్రి పొట్ట కింద బయటికి కనిపిస్తూనే అంటుకుని ఉంటాయి. సింగ్నాథస్ జాతుల్లోనైతే తోక కింద రెండు చర్మపు మడతలు కలిసి సంచిగా మూసుకుంటాయి. ఆ సంచి లోపలి పొర పిల్లలకు ఆక్సిజన్ అందిస్తుంది, కొంత పోషణా ఇస్తుంది. ఈ చేప కడుపు చీలి సంతానం బయటపడుతుందని అరిస్టాటిల్ ఏనాడో రాశాడు. అది తండ్రి కడుపని మాత్రం ఆయన పోల్చుకోలేదు.

కాబట్టి లింగం తేల్చాలంటే చేపను పైనుంచి కాదు, తొట్టి అద్దం పక్కనుంచీ కిందినుంచీ చూడాలి. గుడ్లో, సంచి మడతలో కనిపిస్తే అది మగదే, సందేహమే లేదు. బెంగాల్, ఈశాన్య భారత నదుల్లో ఉండే మైక్రోఫిస్ డియోకాటా మరీ తేలిక. హామిల్టన్ 1822లో గంగానది చేపల గ్రంథంలో వర్ణించిన జాతి ఇది. ఆడది పొట్ట అడుగున రంగుల చర్మాన్ని విసనకర్రలా విప్పి చూపుతుంది. మగదానికి ఆ హంగు లేదు.

జత కట్టించడంలో జాతి తెలియకపోతే ఏ సలహా పనికిరాదు. కోరిథోయిక్తిస్ జాతుల్లో కొన్ని ఒకే తోడుతో ఉంటాయి, ఆ జంట రోజూ కలుసుకుని పలకరింపు నాట్యం చేస్తుంది. అలాంటి జంటను విడదీయకూడదు. నీలిచారల డోరీరాంఫస్‌లో రెండు మగవాటిని ఒకే తొట్టిలో వేస్తే పోట్లాట తప్పదు. ఐరోపా తీరాల సింగ్నాథస్ టైఫ్లె కథ వేరు. ఒక మగది ఒక ఈత పిల్లలను మోసే కాలంలో ఆడది దాదాపు రెండు మగవాటికి సరిపడా గుడ్లు తయారు చేయగలదని స్వీడన్‌లో బెర్గ్లుండ్, రోసెన్‌క్విస్ట్ తదితరుల పరిశోధనలు చూపాయి. అంటే కొరత గుడ్లకు కాదు, తండ్రి సంచిలో చోటుకు. అందుకే ఆడవి పోటీపడతాయి, మగవి ఎంచుకుంటాయి. ఆ ఎంపిక అక్కడితోనూ ఆగదు. అమెరికాలోని సింగ్నాథస్ స్కోవెల్లి మగచేపలు పెద్ద ఆడవాటి పిల్లలను బాగా బతికించి, చిన్న ఆడవాటి పిల్లలపై తక్కువ వెచ్చిస్తాయని పాక్‌జోల్ట్, జోన్స్ 2010లో నేచర్ పత్రికలో ప్రకటించారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఇదే.

మన దేశంలో ఇదంతా ఇంటి తొట్టి ముచ్చట కాదని స్పష్టంగా చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో 2001లో సముద్రపు గుర్రాలతో పాటు ఈ కుటుంబాన్నంతా చేర్చారు. దుకాణంలో ఎవరైనా చూపినా కొనవద్దు. సముద్రపు గడ్డి, మడ అడవులు తరిగిపోతున్న కాలంలో ఆ రక్షణ వీటికి అవసరం.

అనుమతితో పెంచే అక్వేరియాల్లోనూ గుడ్లు మోయడం దాకా చేపలే చూసుకుంటాయి. చిక్కంతా తిండి దగ్గరే. పైప్‌ఫిష్‌కు జీర్ణాశయం లేదు. తిన్నది నిలవ ఉండదు గనుక రోజులో పలుమార్లు, అదీ కదిలే ఆహారం పెట్టాలి. పుట్టిన పిల్లలకు తండ్రి సాయం ఉండదు, మొదటి రోజు నుంచే వాటి వేట వాటిదే. మూతి మరీ చిన్నది గనుక రోటిఫర్లు, కోపిపాడ్లు వంటి బుల్లి నీటి జీవులు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టి రొయ్యలు కావాలి.

ఈ పొదిగింపు విద్య తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆంధ్ర తీరంలోని రొయ్యల హేచరీల్లో ఆర్టీమియా పొదిగించడం నిత్యకృత్యం. లీటరు నీటికి పాతిక గ్రాముల ఉప్పు, 28 డిగ్రీల వెచ్చదనం, వెలుతురు, ఆగని గాలి బుడగలు ఉంటే ఒక రోజులో పిల్లలు బయటికొస్తాయి. వాటిలోని పచ్చసొన కరిగిపోకముందే చేపలకు వేయాలి. పెద్ద అంబర్‌పేట్ ఇంట్లో ఒక ప్లాస్టిక్ సీసాతో ఇది చేయవచ్చు, గప్పీ పిల్లలు ఇష్టంగా తింటాయి.