బండసందుల్లో వెనీలా చుట్టం

హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వైపు వస్తుంటే కిటికీలోంచి కనబడేవి ముఖ్యంగా రెండు: వేరుశనగ చేలు, బోడిగుట్టలు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర ప్రభువులు తలదాచుకున్న పెనుకొండ కూడా ఈ గుట్టల వరుసలోదే. మైదానంలో ఇలా ఒంటరిగా లేచిన రాతికొండల్ని భూగర్భ శాస్త్రంలో ఇన్‌సెల్‌బెర్గ్ అంటారు. జర్మన్‌లో ఆ మాటకు ద్వీపకొండ అని అర్థం. సముద్రానికి బదులు చుట్టూ చేలున్నాయి, అంతే. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు.

రాయలసీమలో ఇలాంటి రాతి గుట్టల సందుల్లో పెరిగే పొదతీగ మారేడుగడ్డ. బిల్వపత్రాల మారేడుతో దీనికి పేరు తప్ప చుట్టరికం లేదు. శాస్త్రంలో డెకాలెపిస్ హామిల్టోనై. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పుట్టదు. కాడ తుంపితే పాలు కారతాయి. పూలు చిన్నవి, చూపును ఆపేంత అందమేమీ లేదు. దీని సొగసంతా మట్టిలోనే ఉంది: వేలెడు లావున గుత్తులుగా దిగే వేర్లు. బండ మీద పడ్డ వాన నిలవక జారి సందుల్లోకి చేరుతుంది. ఆ కాస్త తడినీ వేరు దాచుకుంటుంది.

వేసవిలో సోడా, నిమ్మరసం, సబ్జా గింజలతో మనం తాగే నన్నారికి అసలు మొక్క సుగంధిపాల. కానీ సీమలో ఆ షర్బత్తుకు చాలాచోట్ల మారేడుగడ్డే ఆధారం. మోసమేమీ కాదులెండి, రెండింటి వాసనకూ మూలం ఒకే పదార్థం. అది వెనీలా పరిమళానికి తోబుట్టువు. ఈ రెండు పరిమళాల అణువుల్లోనూ 8 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు. కూర్చున్న చోట్లే వేరు. ఆరు కార్బన్ల వలయం మీద ఆల్డిహైడ్‌ను తలవైపు పెడితే, వెనీలాలో హైడ్రాక్సిల్ దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మారేడుగడ్డలో అది తల పక్కకే వచ్చి, ఆల్డిహైడ్‌తో లోలోపలే ముడిపడుతుంది. ఇక పక్క అణువులను పట్టుకోవడం తక్కువ కాబట్టి ఆవిరితో సులువుగా లేస్తుంది. షర్బత్తు కాచే ఇల్లు వీధి మలుపు దగ్గరే తెలిసిపోయేది అందుకే.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ వేర్ల మీద చాలా పని చేశారు. వీటి సారం నిల్వధాన్యపు పురుగులను చంపుతుందని తేలింది. గీకి, నడుమ కట్టె తీసేసి ఊరగాయ పెట్టుకునే మనకు కమ్మగా ఉన్నది పురుగుకు విషమన్నమాట.

చిక్కంతా తవ్వకంలో ఉంది. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరు పోతే మొక్కే పోతుంది. గడ్డపారతో బండను కదిలించి తీస్తే ఆ సందూ పాడవుతుంది. కొత్త మొక్క రావడమూ తేలిక కాదు. జంటకాయలు పగిలి, జిల్లేడు దూదిలాంటి పోగులతో విత్తనాలు గాలికి ఎగురుతాయి. అవి చేల మీదుగా దాటి మరో గుట్టను అందుకోవాలి. అక్కడ ఒక సందు దొరకాలి, ఆ సందులో చారెడు మట్టి ఉండాలి.