అద్దంలాంటి నీళ్లే ముంచాయి!

బాతెల్‌కు తూర్పున కాస్కేడ్ కొండలు. వరసగా మూడు రోజులు సెలవొచ్చిందని సైటులోని మనవాళ్లం ఐదుగురం స్కైకోమిష్ నది ఒడ్డున గుడారాలు వేశాం. మోసుకెళ్లిన నీళ్లు మొదటి రాత్రికే అయిపోయాయి. ఏటి నీళ్లేమో అద్దంలా ఉన్నాయి. ఊళ్లో అమ్మ చేసినట్టే తువాలు మడతేసి వడగట్టుకుని తాగేశాం.

పది రోజులకు ముగ్గురం మంచమెక్కాం. విరేచనాలు, కుళ్లిన గుడ్డు వాసన తేన్పులు. జియార్డియా అన్నారు. వారం జీతం పోయింది.

గుడ్డను తప్పుపట్టలేం. పాలమూరు, అనంతపురం పల్లెల్లో నారికురుపును తరమడంలో దానికీ వాటా ఉంది. 2000లో మన దేశానికి ఆ పీడ విరగడైనట్టు ప్రకటించారు. నారిపురుగు పిల్లల్ని మోసే నీటిపురుగు గుడ్డకు చిక్కుతుంది. జియార్డియా మిల్లీమీటరులో వందోవంతు, చిక్కదు. దాని తోడుదొంగ క్రిప్టోస్పోరిడియం ఇంకా చిన్నది, క్లోరిన్ బిళ్లలకూ చావదు. 1993లో మిల్వాకీ నగరంలో కుళాయి నీళ్లలోనే చేరి దాదాపు 4 లక్షల మందిని పడగొట్టింది.

నీళ్లు తెర్లడం మొదలయ్యాక పూర్తిగా ఒక నిమిషం కాగనివ్వండి. 6,500 అడుగుల పైన ఉంటే 3 నిమిషాలు. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో కడుపు చెడితే, ఏటి నీళ్లు తాగామని డాక్టరుకు ముందే చెప్పండి. మేం చెప్పలేదు. రోగం తేలడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.