పలకని మీట

టెలివిజన్‌కు తగిలించి ఆడుకొనే వీడియో గేమ్ పెట్టెలు 1990 దశకంలో మన పట్టణాలలోని మధ్యతరగతి ఇళ్ళలోకి ప్రవేశించాయి. వాటిలో అధికభాగం జపాన్ దేశపు నింటెండో సంస్థ 1983 జూలైలో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే యంత్రానికి అనుకరణలు. పెట్టె కన్నా ముందుగా పాడయ్యేది చేతిలో పట్టుకొనే కంట్రోలర్. పిల్లలు దానిని జాయ్‌స్టిక్ అనేవారు గాని, అందులో స్టిక్కు అనదగినది ఏదీ లేదు. ఎడమవైపు కూడిక గుర్తు ఆకారంలో ఒక మీట, కుడివైపు గుండ్రని మీటలు రెండు, నడుమ చిన్నవి రెండు ఉండేవి. ఆ కూడిక గుర్తు మీటను గున్‌పేయ్ యొకోయి అనే నిపుణుడు 1982లో డాంకీ కాంగ్ అనే చేతిలో ఇమిడే ఆట కోసం రూపొందించాడు. నాలుగు దిక్కులనూ ఒక్క బొటనవ్రేలి కిందికి తెచ్చిన ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కను నేను గొప్ప కల్పనలలో ఒకటిగా లెక్కిస్తాను.

రేపల్లెలో మా పెద్దమ్మగారి ఇంటి అటక మీద అటువంటి పెట్టె ఒకటి బయటపడింది. విదేశంలో స్థిరపడిన అన్నయ్య పది రోజుల సెలవుపై కూతురితో వచ్చాడు. తాను చిన్ననాడు ఆడిన ఆటను ఆ పిల్లకు చూపాలని అతని కోరిక. పెట్టె పనిచేసింది, తెర మీద బొమ్మ వచ్చింది. కాని కంట్రోలర్‌లో కుడివైపు మీట పలకలేదు. 1985 నాటి సూపర్ మారియో ఆటలో నాయకుడు కుడివైపునకే సాగాలి. ఎడమకు పోదామన్నా తెర వెనుకకు జరగదు. కుడి మీట లేకపోతే ఆట మొదలే కాదు. రెండవ కంట్రోలర్ ఎన్నడో పోయింది.

మరునాడు ఉదయం ఆ పెట్టెను సంచిలో పెట్టుకొని నేను తెనాలి రైలెక్కాను. అక్కడ పాత రేడియోలు, టెలివిజన్లు బాగుచేసే ఒక పెద్దాయన దుకాణం ఉన్నది. తీగ తెగినదేమో, మార్చవలసి వస్తుందేమో అన్నాను.

“ఒక్క మీటే పలకడం లేదు కదా బాబూ! అయితే తప్పు తీగలో ఉండదు” అన్నాడాయన.

“చూడకుండానే ఎలా చెప్పగలుగుతున్నారండీ?”

ఆయన చెప్పినది తరగతిలో హాజరు పిలుపు వంటిది. మీటలు ఎనిమిది, పెట్టెకు పోయే తీగలు అయిదే. ఒకటి అయిదు వోల్టుల విద్యుత్తును తెస్తుంది, ఒకటి దానిని తిరిగి చేరుస్తుంది. మూడవదాని ద్వారా పెట్టె ‘ఈ క్షణాన ఏయే మీట నొక్కి ఉన్నదో గుర్తుంచుకో’ అని ఆజ్ఞ ఇస్తుంది. నాల్గవది తాళం వేసినట్లు ఒక్కొక్క స్పందన పంపుతుంది. ప్రతి స్పందనకూ ఒక్కొక్క మీట సమాధానం అయిదవ తీగ మీద వెళుతుంది. మొదట ఏ, తరువాత బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, చివరకు కుడి. ఈ హాజరు సెకనుకు యాభై అరవై సార్లు జరుగుతుంది. అందరి సమాధానాలూ ఒకే దారిన పోతున్నప్పుడు ఆ దారి తెగితే ఎనిమిదీ మూగబోవాలి. ఒక్కటే మూగబోయినదంటే దోషం ఆ మీట దగ్గరనే ఉన్నది. తీగ వంచినప్పుడల్లా ఆట తడబడితే మాత్రం తీగనే అనుమానించాలి.

పెట్టె నుండి కంట్రోలర్‌ను వేరుచేసి, వెనుక మరలను స్టార్ స్క్రూడ్రైవర్‌తో విప్పాడు. ప్రతి మీట కింద మెత్తని సిలికాన్ రబ్బరు బుడిపె, దాని అడుగున నల్లని కర్బన బిళ్ళ ఉన్నాయి. బిళ్ళకు ఎదురుగా పలక మీద దువ్వెన పళ్ళవలె ఒకదానిలో ఒకటి చొరబడిన రెండు రాగి గీతలు ఉన్నాయి. అవి ఒకదానికొకటి తగలవు. నొక్కినప్పుడు కర్బన బిళ్ళ వాటిని కలుపుతుంది. కుడి మీట కింది గీతలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

“ఈ పెట్టె సముద్రం దగ్గర ఎక్కడైనా ఉండేదా?” అని అడిగాడు.

పెద్దమ్మ వాళ్ళు చాలాకాలం బాపట్లలో ఉన్నారు. సూర్యలంక వైపు నుండి వచ్చే ఉప్పుగాలికి ఆ ఇంటి కిటికీ ఊచలు ఏటేటా తుప్పు పట్టేవి. రాగిని మాత్రం ఆ గాలి ఎందుకు విడిచిపెడుతుంది?

కంట్రోలర్‌ను మరల పెట్టెకు తగిలించి, ఆ గీతల మొదళ్ళను సన్నని తీగ ముక్కతో కలిపాడు. తెర మీద మారియో కుడివైపు నడిచాడు. లోపలి చిప్ క్షేమమన్నమాట. అదే చెడిపోయి ఉంటే చేయగలిగినది స్వల్పం. అనుకరణ యంత్రాలలో చిప్‌ను నల్లని జిగురు బొట్టు కింద పూడ్చివేస్తారు. దానిని ఊడదీసి మార్చడం అసాధ్యప్రాయం.

చిలుమును పెన్సిల్ రాతను చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడిచాడు. గరుకు కాగితం వాడరాదన్నాడు. కొన్ని పలకలపై రాగిని కాపాడే నల్లని కర్బన పూత ఉంటుంది. అది గీచుకుపోతే చిలుము మరింత త్వరగా పడుతుంది. గోళ్ళరంగు తొలగించే ద్రవమైతే ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. రబ్బరు బుడిపెలను సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, కర్బన బిళ్ళను తెల్లకాగితం మీద తేలికగా ఒకసారి రాపాడించాడు. మల్టీమీటర్‌తో చూస్తే బిళ్ళ నిరోధం కొన్ని వందల ఓములు మాత్రమే ఉన్నది. అది వేలలో ఉంటే కర్బనం అరిగిపోయినట్లు. మరలను మాత్రం గట్టిగా బిగించలేదు. అతిగా బిగిస్తే మీటలు ఇరుక్కుపోతాయి, ప్లాస్టిక్ గుంజలు చిట్లుతాయి.

మరమ్మతు వివరాలు వినియోగదారులకు అందించేందుకు భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. మంచి ప్రయత్నాలే. అయితే ముప్పై ఏళ్ళనాటి అనుకరణ పెట్టెకు తయారీదారు చిరునామా ఎక్కడ దొరుకుతుంది? ఇటువంటి వస్తువులకు తెనాలిలోని ఆ చిన్న బల్లయే దిక్కు. పాత వాహనాల ఇనుప ముక్కలతో నిలువెత్తు విగ్రహాలు మలచే శిల్పులున్న ఊరది. అక్కడ పారవేయదగినది ఏదో తేల్చడం తేలిక కాదు. కాని ఆయన బల్ల మీదికి ఇప్పుడు నెలకు ఒకటి రెండు వస్తువులే వస్తున్నాయట. పని నేర్చుకొనేందుకు ఎవరైనా వస్తున్నారా అని అడిగితే నవ్వి, దూదిని డబ్బాలో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి నేను రేపల్లె చేరాను. అన్నయ్య కూతురు మొదటి గుంతలోనే మూడుసార్లు పడిపోయింది. నాలుగవసారి దాటింది. సెలెక్ట్ మీట మాత్రం ఇప్పటికీ రెండుసార్లు నొక్కితే గాని పలకదు.