సాల్వర్ కాలమంతా ఎక్కడ పోతోంది?

ఇచ్చిన షరతులు మీరకుండా ఖర్చును కనిష్ఠానికి తెచ్చే విలువలను అంచెలంచెలుగా వెతికే ప్రోగ్రామును సాల్వర్ అంటారు. ఒక్కో అంచె ఒక ఇటరేషన్. ఆండ్రియాస్ వాఖ్టర్, లోరెంజ్ బీగ్లర్ 2006 నాటి పత్రంలో వివరించిన ఐపీఆప్ట్ అలాంటిదే. అది గంటల తరబడి నడుస్తోందంటే ముందు ఒకటి తేల్చుకోవాలి: ఇటరేషన్లు ఎక్కువయ్యాయా, ఒక్కో ఇటరేషనే బరువైందా? రెండింటికీ మందు వేరు. ఇది తేలకముందే కొత్త కంప్యూటర్ కొనడం డబ్బు దండగ.

ఇటరేషనే బరువైందనుకుందాం. సమయ గణాంకాలు చూపించే ఆప్షన్ పెడితే, ప్రమేయాలను లెక్కగట్టడానికి ఎంత పట్టిందో, సమీకరణాలను సాధించడానికి ఎంత పట్టిందో ఐపీఆప్ట్ విడివిడిగా చెబుతుంది.

మొదటి పద్దు పెద్దదైతే మనం రాసిన మోడల్‌నే చూడాలి. 10,000 చలరాశులున్నప్పుడు ఒక్కోదాన్నీ కాస్త కదిలించి వాలు కనుక్కుంటే, ప్రమేయాన్ని 10,001 సార్లు లెక్కగట్టాలి. రివర్స్ ఆటోమేటిక్ డిఫరెన్సియేషన్, అంటే లెక్కను చివరినుంచి వెనక్కి నడిపించి వాలు రాబట్టే పద్ధతి, ఆ పనిని కొద్దిపాటి లెక్కింపులకు సరిపడే శ్రమతో ముగిస్తుంది. చలరాశులు ఎన్నున్నా అంతే.

రెండో పద్దు ఇంకా ఆసక్తికరం. ప్రతి ఇటరేషన్‌లోనూ సాధించవలసిన మాత్రికలో చాలావరకు సున్నాలే ఉంటాయి. చలరాశులను ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోతే ఆ సున్నాల చోట కొత్త అంకెలు పుట్టుకొస్తాయి. ఎన్ని పుడతాయన్నది తొలగించే వరుసను బట్టి ఉంటుంది. ఒక చలరాశికి మిగతా 9,999తోనూ సంబంధం ఉండి, వాటికి తమలో తమకు సంబంధం లేదనుకోండి. మాత్రికలో సున్నా కాని గడులు 29,998. ఆ ఒక్కదాన్ని ముందుగా తొలగిస్తే మిగిలిన మాత్రికంతా నిండిపోతుంది: దాదాపు 10 కోట్ల గడులు. చివరికి వదిలేస్తే కొత్తగా ఒక్క గడి కూడా నిండదు. సమస్య అదే, జవాబూ అదే, మారింది వరుస ఒక్కటే. ఈ వరుసను ఎంచే పని ముంప్స్, ఎంఏ57 వంటి లైబ్రరీలది. అందుకే లైబ్రరీ మార్చి చూడటం అన్నిటికన్నా చవకైన ప్రయోగం.

ఇక ఇటరేషన్లే ఎక్కువైతే కొలమానాలను అనుమానించాలి. ఒక చలరాశి పాస్కల్స్‌లో 1,00,000 దగ్గర, మరొకటి మీటర్లలో 0.001 దగ్గర ఉంటే సాల్వర్ వేసే అడుగు రెండింటికీ ఒకేలా కుదరదు. అన్నీ 1కి దగ్గరగా ఉండేలా ప్రమాణాలు మార్చాలి.

నిన్నటి జవాబునే నేటి ఆరంభంగా ఇస్తే త్వరగా ముగుస్తుందనీ అనిపిస్తుంది. ఐపీఆప్ట్ అంతర్బిందు పద్ధతిది కనుక, హద్దుల మీదున్న ఆరంభ బిందువును లోపలికి జరిపి మొదలుపెడుతుంది. కాబట్టి ఆ లాభం చాలాసార్లు దక్కదు. కొద్ది మార్పులతో అదే సమస్యను రోజూ సాధించేవారు, ఏ హద్దులు బిగిసి ఉన్నాయో గుర్తుంచుకునే యాక్టివ్ సెట్ సాల్వర్‌ను పరీక్షించి చూడటం మేలు.